నెమలికుచ్చు గడ్డి వర్ధంతి

మా ఆఫీసులో ఏటా ఆగస్టు పదకొండున ఒక గడ్డికి వర్ధంతి జరుపుతాం. గడ్డి అంటే మామూలు గడ్డే, నేల మీద మొలిచేదే. దాని పేరు నెమలికుచ్చు గడ్డి. శాస్త్రీయ నామం జానెడు పొడుగుంటుంది, తోకకు ఒక ఇంగ్లీషు దొర పేరు తగిలించి ఉంటుంది. ఆ పేరును తడబడకుండా పలకగలిగినవారు మా డైరెక్టరు డాక్టర్ భుజంగరావుగారు ఒక్కరే. ఆయన కూడా కట్టుడు పళ్ళు పెట్టుకున్న రోజునే పలుకుతారు.

మాది తృణజాతి పరిరక్షణ మండలి. అలా అడిగితే మా పట్నంలో ఆటోవాళ్ళు తల అడ్డంగా ఊపుతారు. గడ్డాఫీసు అంటే తెచ్చి గేటు ముందర దింపుతారు. నా పేరు మద్దిలేటి, ఇందులో ఇరవై ఒక్క ఏళ్ళుగా జూనియర్ అసిస్టెంటుని. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని పేరు. ఆ దస్తూరి వల్లే ఈ కథలో ఒక పాపం నా చేతుల మీదుగా జరిగింది గనక ముందే చెప్పేస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరడానికి ఏడాది ముందు మా వాళ్ళు ఆ గడ్డి కోసం జిల్లా అంతా గాలించారట. గాలించడమంటే జీపులో. జీపు పోయిన చోటల్లా వెతికారు. జీపు పోవాలంటే రోడ్డుండాలి, రోడ్డు మీద గడ్డి మొలవదు గనక గడ్డి దొరకలేదు. దొరకలేదు గనక అది అంతరించిందని తీర్మానం చేసి, అంతరించిన జాతుల రిజిస్టరులో ఎక్కించారు. ఆ రిజిస్టరులో నాలుగు గడులుంటాయి: క్రమసంఖ్య, జాతి పేరు, అంతరించిన తేదీ, సంతకం. ఐదో గడి లేదు. ఈ సంగతి కొంచెం గుర్తు పెట్టుకోండి.

ఆఫీసు ముందు ఆవరణలో ఆ గడ్డికి స్మారక శిల పెట్టారు. ఏటా ఆ రోజున శిల మీద గడ్డి బొమ్మ పెట్టి, దానికి బంతిపూల దండ వేసి, రెండు నిమిషాలు మౌనం పాటించి, ఉప్మా తింటాం. డైరెక్టరుగారు మాట్లాడతారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, వేరే పాత రిజిస్టరులో 'పశుగ్రాసమునకు కూడా పనికిరాదు' అని ఉన్న గడ్డి, ఆయన నోట్లో పుడమితల్లి జడకుచ్చు అయిపోయింది. ఒక ఏడాదైతే ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆవరణలో దుమ్ము లేచి ఉంటుందనుకోవడానికి లేదు, ఎందుకంటే మా ఖాసింబీ అప్పుడే కసువు కొట్టి నీళ్ళు చల్లింది.

ఖాసింబీ మా ఆఫీసు ఊడ్చే మనిషి. నాకన్నా రెండేళ్ళు సీనియర్. ఆమెకు పొరక విషయంలో మహా పట్టింపు. ప్లాస్టిక్ పొరక ముట్టుకోదు. ఏటా మాఘమాసంలో సుంకులమ్మ అనే ఆమె తలమీద పొరకల మోపు పెట్టుకుని ఎద్దులమిట్ట కొండ దిగి వస్తుంది. ఖాసింబీ ఒక్కో పొరకను నేలకు ఆనించి వంచి చూసి, ఆఫీసుకు ఐదు, ఇంటికి రెండు ఏరుకుంటుంది. ఏ ఏడూ ఈ ఏర్పాటు తప్పలేదు.

పందొమ్మిదో వర్ధంతికి మైథిలి అనే పరిశోధక విద్యార్థిని వచ్చింది. పాత రిజిస్టర్లు చూసుకోవడానికి వారం రోజులుగా మా రికార్డు గదిలో కూర్చుంటోంది. ఉప్మా ఉందని నేనే ఆవరణలోకి పిలిచాను. మౌనం మొదలైంది. అందరం తలలు దించుకున్నాం. పద్దెనిమిదేళ్ళుగా దించుకుంటున్న తలే గనక నాకేమీ కనబడలేదు. ఆ పిల్ల మొదటిసారి దించింది. శిలకు ఆనించి ఖాసింబీ మర్చిపోయిన పొరక ఉంది. ఆ పిల్ల మౌనం మధ్యలోనే చతికిలబడి, సంచిలోంచి భూతద్దం తీసి, పొరకలోంచి ఒక ఈనెను లాగి చూడసాగింది. డైరెక్టరుగారు ఒక కన్ను తెరిచి ఉరిమి చూశారు. రెండు నిమిషాలు కాగానే ఏమిటమ్మా ఈ అపచారం అన్నారు.

"సార్, ఇది అదే," అంది మైథిలి.

"ఏది?"

"మనం ఇప్పుడు ఎవరి కోసం నిలబడ్డామో, అది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని సామెత. మేం ఆ చంకలో పిల్లతో పందొమ్మిదేళ్ళు ఇల్లు కూడా ఊడ్పించాం. ఇది మనసులోనే అనుకున్నాను.

డైరెక్టరుగారు మొదట ఒప్పుకోలేదు. అంతరించిన జాతి ముందస్తు అనుమతి లేకుండా కనబడడం క్రమశిక్షణారాహిత్యం కిందికి వస్తుందన్నారు. రిజిస్టరు తెప్పించి తిరగేశారు. 'తిరిగి వచ్చిన తేదీ' అనే గడి ఎక్కడా లేదు. లేని గడిలో ఏం రాస్తామని ఆయన వాదన. మైథిలి ఈనెను, బొమ్మను, దొరగారి పాత వర్ణనను పక్కపక్కన పెట్టి గంటసేపు వివరించింది. ఉప్మా అరిగే వేళకు ఆయనకు వేరే ఆలోచన తట్టింది. అంతరించిన దానికి వర్ధంతి చేసే డైరెక్టర్లు దేశంలో చాలామంది ఉండొచ్చు. పోయినదాన్ని తిరిగి తెచ్చిన డైరెక్టరు ఎవరున్నారు?

సాయంత్రానికి విలేఖరులు వచ్చారు. ఆయన పొరకను రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకున్న తండ్రిలా ఫొటో దిగారు. మర్నాడు పేపర్లలో 'డైరెక్టరు నిశిత దృష్టికి చిక్కిన అపురూప తృణం' అని వచ్చింది. ఫొటో అంచున భూతద్దం పట్టుకున్న ఒక చెయ్యి మాత్రం పడింది. అది మైథిలిది.

మూడో రోజు నుంచి మెమోలు మొదలయ్యాయి. అన్నీ నేనే రాశాను. మొదటి మెమో: 'సదరు పొరకను యథాతథ స్థితిలో గాజు పెట్టెయందు భద్రపరచవలెను.' భద్రపరిచాం. రెండోది: 'కార్యాలయమందలి మిగతా నాలుగు పొరకలను కూడా తక్షణము స్వాధీనపరచుకొనవలెను.' పరచుకున్నాం. మూడోదానికి పొరకల స్వాధీన దళం ఏర్పడింది. వాళ్ళు ఇంటింటికీ తిరిగి రెండు వందల పన్నెండు పొరకలకు రసీదులిచ్చి తెచ్చారు. మా మేనత్త ఇంట్లో పొరకను కూడా వదల్లేదు, అది ఈత పొరకని ఆమె మొత్తుకున్నా వినలేదు. నాలుగో మెమో వీటన్నిటికీ మకుటం. ఇన్నేళ్ళూ ఈ పొరకలతో ఊడ్చిన నేల మీద గింజలు రాలి ఉండే అవకాశం ఉన్నందున, ఆఫీసు దుమ్మును 'విత్తన సంపద'గా ప్రకటించారు. ఇక ఎవరూ ఊడవరాదు. ఇంటికి పోయే ముందు సిబ్బంది గేటు దగ్గర కాళ్ళు దులుపుకుని, ఆ దుమ్మును లోపలికే విసరాలి.

దులుపుకున్నాం, విసిరాం. నెల తిరక్కుండానే టేబుళ్ళ మీద వేలితో సంతకాలు పెట్టగలిగేంత సంపద పేరుకుంది. ఖాసింబీకి పని పోలేదు గానీ పని మారింది. గాజు పెట్టె పక్కన స్టూలు వేసి కాపలా కూర్చోబెట్టారు.

"ఇరవై యేండ్లు దాన్తో కసువు కొట్టినా సార్," అంది నాతో. "ఇప్పుడు దానికి నేను కావిలి. రేపు సెలవడగాలన్నా దాన్నే అడగాలేమో."

ఈ గడ్డి ఎక్కడిదన్న ప్రశ్న చివరికి వచ్చింది. ఖాసింబీని అడిగితే సుంకులమ్మ పేరు చెప్పింది. సుంకులమ్మకు కబురు వెళ్ళింది. గడ్డాఫీసు నుంచి పిలుపంటే పొరకలు కావాలేమోననుకుని, ఇంట్లో మిగిలిన ఇరవై పొరకలూ కట్టకట్టి తెచ్చింది. యాభై దాటిన మనిషి. చేతుల నిండా గడ్డి కోసిన పాత గీరలు. ఆమె, ఇంకో ఐదారు కుటుంబాలవాళ్ళు ఎద్దులమిట్ట మీద గడ్డి కోసుకుని పొరకలు కట్టి బతుకుతారు. అదే వాళ్ళ పంట, అదే వాళ్ళ ఏడాది. గేటు దగ్గరే ఆ ఇరవై పొరకలకూ స్వాధీన దళం రసీదు రాసిచ్చింది. ఆమె ఆ కాగితాన్ని మడిచి జాగ్రత్తగా రొండిన పెట్టుకుంది.

డైరెక్టరుగారు ఆమెను కుర్చీలో కూర్చోమన్నారు. ఆమె నేల మీద కూర్చుంది. ఎంతకాలంగా కోస్తున్నావని అడిగారు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి, ముప్పై ఐదేళ్ళని చెప్పింది. ఏటా కోస్తావా అన్నారు. ఆమెకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఏటా కోయక మరేం చేస్తారని నా వైపు చూసింది.

"కోస్తేనే సార్ అది బతికేది," అంది. "కోయకుంటే ముసల్దయి, దాని మింద అదే పడి సస్తాది. అట్లని మొదలంటా కోయము. నాలుగు వేళ్ళ ఎత్తు ఇడ్సిపెడ్తాము. కట్ట కట్టినాక బండకేసి రెండు దెబ్బలు కొడ్తాము. గింజలు రాల్తాయి. అది కొండ బాగం. కొండది కొండకిచ్చినాకనే మనం ఇంటికి తీస్కపోవాల. మా అత్త నేర్పిచ్చింది."

అంతసేపు డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆ తర్వాత రాయండి మద్దిలేటీ అని చెప్పసాగారు. "ముద్దాయి గత ముప్పై ఐదు సంవత్సరములుగా సదరు అపురూప తృణమును పదునైన ఆయుధముతో నరికినట్లును, అంతటితో తృప్తి చెందక బండరాతికేసి రెండేసి పర్యాయములు మోదినట్లును, ఇట్టి క్రూరకృత్యమును అత్తగారి ప్రోద్బలముతో అభ్యసించినట్లును స్వచ్ఛందముగా అంగీకరించినది."

నేను రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల్లా రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగి నన్నడిగింది.

"ఇంతకీ ఎన్ని పొరకలు గావాల సార్?"

రాత్రి అన్నం సరిగ్గా సయించలేదు. అయినా నౌకరీ నౌకరీయే గనక మర్నాడు ఆ వాంగ్మూలానికి మూడు నకళ్ళు తీసి పోలీసులకు పంపాను. ఆమె కొడవలిని సాక్ష్యంగా పట్టుకుని కేసు పెట్టారు.

ఇక ఎద్దులమిట్ట మీద పరిరక్షణ మొదలైంది. ముళ్ళకంచె వేశారు. కంచె గుంజలు పాతడానికి రెండు వందల దుబ్బులు పెళ్ళగించాల్సి వచ్చింది, పరిరక్షణలో ఆ మాత్రం త్యాగం తప్పదన్నారు. 'ఈ గడ్డి మన అందరిది, ఎవరూ ముట్టరాదు' అని బోర్డు రాయించారు. పైనుంచి పెద్దలు చూడ్డానికి వస్తే కార్లు ఆపుకోవడానికి చోటు లేదని మరికొంత చదును చేశారు. వచ్చిన పెద్దాయన కారు దిగకుండానే గడ్డి ఎక్కడని అడిగి, తన కారు కిందే ఉందని తెలుసుకుని సంతోషించి వెళ్ళారు. కంచే చేను మేస్తుందంటారు, మా కంచె మేయలేదు, తొక్కింది.

ఇద్దరు కాపలావాళ్ళను పెట్టాం. రోజూ పొద్దున దుబ్బులు లెక్కపెట్టి రిజిస్టరులో రాయడం వాళ్ళ పని. మొదట మూడు వేల నూట నలభై. మాఘం వచ్చింది, పోయింది, ఎవరూ కోయలేదు. పండిన ఈనెలు బూడిదరంగుకు తిరిగి దుబ్బు మీదే పడ్డాయి. వానలొచ్చినా వాటి కింద నుంచి చిగురు లేవలేదు. లెక్క రెండు వేల ఆరు వందలకు దిగింది.

డైరెక్టరుగారు దీని మీద అత్యవసర సమావేశం పెట్టారు. పరిరక్షణ చేస్తున్నా గడ్డి తగ్గుతోందంటే పరిరక్షణ చాలడం లేదని తేల్చారు. రెండో కంచె వేశారు. గాలికి ఈనెలు విరుగుతున్నాయని చుట్టూ పచ్చటి గుడ్డ కట్టారు. దాంతో గింజలు ఎగరడం కూడా ఆగిపోయింది, గింజలు వృథా కాకుండా అరికట్టామని నివేదికలో రాశాం. మనుషుల ఊపిరి తగలడం కూడా మంచిది కాదేమోనని ఒక సభ్యుడు సందేహం వెలిబుచ్చాడు. సందేహాన్ని సందేహంగా వదిలేసే అలవాటు మా మండలికి లేదు. కాపలావాళ్ళు పాతిక గజాల దూరం నుంచి దుర్భిణితోనే లెక్కించాలని మెమో ఇచ్చాం. ఆగస్టు పదకొండున స్మారక శిల మీద గుడ్డ కప్పి, వర్ధంతి బదులు గడ్డికి పుట్టినరోజు చేశాం. కేకు ఆకుపచ్చగా ఉంది. దాని మీద సన్నగా దుమ్ము పడింది గానీ అది సంపదే గనక ఎవరూ ఊదలేదు.

సుంకులమ్మ నెలనెలా వాయిదాకు కోర్టుకు వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆఫీసు దాకా నడిచి వచ్చి, గేటు బయట నిలబడి నన్ను పిలిచేది. ఊళ్ళో ఆమె పొరకలను అందరూ మర్చిపోయారు, బజారు నిండా ప్లాస్టిక్ పొరకలు వచ్చాయి. ఆమెతో గడ్డి కోసే కుటుంబాల్లో రెండు, ఇటుక బట్టీలకు వెళ్ళిపోయాయి. ఇవన్నీ నేను అడిగితే చెప్పేది. తనంతట తాను మాత్రం ఒకటే అడిగేది, ఈ యేడన్నా కోయనిస్తారా అని. కేసు గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

రెండో మాఘం కూడా కోత లేకుండా పోయింది. ఆ నెలలో వచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కంచె బయట్నుంచి సూసొచ్చినా సార్. సస్తా ఉంది అది," అంది. "నన్ను జైల్లో ఎయ్యండి, కాదన్ను. ఎవురన్నా పోయి కోయండి. మీకు పుణ్యముంటాది."

ఆ రోజు నాకు నా దస్తూరి మీద కోపం వచ్చింది. అంతకు ముందు ఎవరి మీదా అంత కోపం రాలేదు.

మైథిలికి ఉత్తరం రాశాను. ఆ పిల్ల వచ్చి, మా కాపలావాళ్ళ కళ్ళు గప్పి కంచె లోపల మూడు రోజులు తిరిగి, పన్నెండు పేజీల నివేదిక ఇచ్చింది. సారాంశం ఒక్క ముక్క: కోస్తేనే బతుకుతుంది. సుంకులమ్మ నేల మీద కూర్చుని చెప్పిందే, ఈసారి ఇంగ్లీషులో, పట్టికలతో ఉంది గనక డైరెక్టరుగారు చదివారు. చదివి, ఇది తమకు మొదటి నుంచీ స్ఫురిస్తున్న విషయమేనన్నారు. 'శాస్త్రీయ కోత'కు దరఖాస్తులు పిలవాలని నిర్ణయమైంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. అర్హతలు రాసే పని ఒక ఉపసంఘానికి పోయింది. మొదటి అర్హత: అభ్యర్థికి సదరు తృణమును కోయుటయందు కనీసం మూడేళ్ళ అనుభవం ఉండవలెను, అందుకు ప్రభుత్వ ధ్రువపత్రం జతపరచవలెను. రెండో అర్హత: అభ్యర్థిపై ఎట్టి కేసులు ఉండరాదు. ఉపసంఘంలో ఎవరూ ఈ రెంటినీ ఒకేసారి చదవలేదు. గడువు తేదీ దాకా ఒక్క దరఖాస్తూ రాలేదు. రాదు కూడా, అంతరించిన గడ్డిని కోసిన అనుభవం ఎవరికుంటుంది?

కాగితం మీద ఒక్కరికే ఉంది. నేనే సుంకులమ్మను పిలిపించి దరఖాస్తు రాసిచ్చాను. అనుభవ ధ్రువపత్రం స్థానంలో ఆమె మీద పోలీసులు వేసిన ఛార్జిషీటు జతచేశాను. అందులో ప్రభుత్వ ముద్ర ఉంది. దానికి కుట్టిన వాంగ్మూలంలో ముప్పై ఐదేళ్ళ అనుభవం ఉందని నా సొంత దస్తూరితో రాసి ఉంది. ఇంతకన్నా గట్టి ధ్రువపత్రం కలెక్టరు కూడా ఇవ్వలేడనుకున్నాను.

ఉపసంఘం సాయంత్రం దాకా కూర్చుంది. డైరెక్టరుగారు నన్ను లోపలికి పిలిచి, దరఖాస్తు పక్కన పెట్టి, మెచ్చుకోలుగా చెప్పారు.

"ఆమెకు అనుభవమున్నది, కావున నేరమున్నది. నేరమున్నది, కావున అర్హత లేదు. పోనీ నేరము లేదని కోర్టు తేల్చినచో, కోయలేదని తేలినట్లే, కావున అనుభవము లేదు. నిబంధన ఎంత పకడ్బందీగా ఉన్నదో చూశారా, మద్దిలేటీ? చీమ కూడా దూరలేదు."

చీమ దూరలేదు, గడ్డి కూడా దూరలేదు. ఆషాఢంలో ఒక పొద్దున కాపలావాళ్ళ రిజిస్టరులో అంకె బదులు 'దుర్భిణికి కనబడుట లేదు' అని వచ్చింది.

మా ఆఫీసు మీద దిగులు కమ్ముకుంది. పోయిన గడ్డి కోసం అనుకునేరు. పైనుంచి సంజాయిషీ అడుగుతారని. డైరెక్టరుగారికి పదవీ విరమణ ఇంకా రెండేళ్ళుంది. ఆయన కట్టుడు పళ్ళు తీసి డ్రాయరులో పెట్టుకుని, కుర్చీలో జారిపోయి కూర్చున్నారు. తాను తిరిగి తెచ్చిన గడ్డిని తానే పోగొట్టుకున్నట్టు రాతపూర్వకంగా ఎలా ఒప్పుకోవడం అన్నది ఆయన బాధ. నేను రెండు రోజులు ఆలోచించాను. పద్దెనిమిదేళ్ళు కాస్తా ఇరవై అయ్యాయి, ఆ మాత్రం అనుభవం నాకూ ఉంది. మూడో రోజు అంతరించిన జాతుల రిజిస్టరు దుమ్ము దులపకుండా తీసుకెళ్ళి ఆయన ముందు తెరిచాను.

"సార్, మనం పోగొట్టుకున్నట్టు ఎక్కడుంది?" అన్నాను. "గడ్డి తిరిగి వచ్చినట్టు ఇందులో ఎక్కడా ఎక్కలేదు. గడి లేదని మీరే ఎక్కించనివ్వలేదు. రికార్డు ప్రకారం అది ఇరవై ఒక్క ఏళ్ళుగా లేదు. లేనిది ఇప్పుడు కొత్తగా ఎలా పోతుంది?"

ఆయన నాలుగు గడుల మీదా వేలు పెట్టి చూసుకున్నారు. డ్రాయరు తెరిచి పళ్ళు పెట్టుకున్నారు. గడ్డి శాస్త్రీయ నామాన్ని, దొర పేరుతో సహా, తడబడకుండా పలికారు. ఆగస్టు పదకొండున శిల మీద గుడ్డ తీసి మళ్ళీ వర్ధంతి జరపాలని అప్పటికప్పుడే మెమో చెప్పారు.

వర్ధంతి జరిపాం. అది అయిన వారానికి, ఆఫీసు ముద్ర వేసిన రిజిస్టరు నకలొకటి సుంకులమ్మ చేతికిచ్చి, ఆమె వకీలుకు ఇమ్మన్నాను. వకీలు దాన్ని కోర్టులో పెట్టాడు. నెమలికుచ్చు గడ్డి ఇరవై ఒక్క ఏళ్ళుగా ఈ భూమ్మీద లేదని ప్రభుత్వ మండలే ధ్రువీకరిస్తోంది. మేజిస్ట్రేటు ఆ నకలును ఒకటికి రెండుసార్లు చదివి, లేని గడ్డిని కోసినందుకు ఈమెను ఎలా శిక్షించమంటారని ప్రభుత్వ వకీలును అడిగారు. ఆయన మా మండలిని అడిగి చెబుతానన్నాడు. మేజిస్ట్రేటు అంత ఓపిక తమకు లేదని కేసు కొట్టేశారు. సుంకులమ్మకు కొడవలి తిరిగి ఇచ్చారు. తుప్పు పట్టి ఉంది. కోర్టు మెట్ల మీదే కూర్చుని కొంగుతో తుడవసాగింది.

అంతరించిన గడ్డికి కాపలా ఎందుకని కాపలావాళ్ళను వెనక్కి పిలిచాం. వారం తిరక్కుండానే రెండు కంచెల తీగా, పచ్చటి గుడ్డా మాయమయ్యాయి. విచారించి రమ్మని నన్నే పంపారు. పోయి చూశాను. కొండ కింద మేకల దొడ్లన్నిటికీ కొత్త కంచెలున్నాయి. ఒక దొడ్డికి నీడ కోసం పచ్చటి గుడ్డ కూడా కట్టారు. అనుమానాస్పదంగా ఏమీ కనబడలేదని నివేదిక రాశాను. ముత్యాల్లా రాశాను.

పైకెక్కితే సుంకులమ్మ ఉంది. ఇటుక బట్టీలకు పోయిన రెండు కుటుంబాలవాళ్ళు కూడా తిరిగొచ్చారు. బూడిదరంగు ఈనెలను నాలుగు వేళ్ళ ఎత్తు వదిలి కోసి పక్కకు పడేస్తున్నారు. అది పొరకకు పనికిరాదు, మురిగిపోయింది. దుబ్బులు చచ్చినట్టే ఉన్నాయి కదమ్మా అన్నాను. ఆమె మోకాళ్ళ మీద వంగి, ఒక మొదలును గోటితో గిల్లి చూపించింది. లోపల సన్నగా, పచ్చగా ఉంది. పాతిక గజాల నుంచి దుర్భిణికి ఆనే పచ్చదనం కాదది. ఆశ్వయుజంలో రెండు మంచి వానలు పడ్డాయి. ఆ తర్వాత నేను కొండ వైపు పోలేదు. లేని గడ్డిని చూడ్డానికి పోయానంటే ప్రయాణ భత్యం రాదు.

మొన్న ఆగస్టు పదకొండున ఎప్పట్లాగే వర్ధంతి జరిగింది. మైథిలికి పట్టా వచ్చింది, మిఠాయి తెచ్చింది. ఆవరణ అద్దంలా ఉంది, మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఊడ్చారు. విత్తన సంపద మెమోను నేను ఇంకో ఫైల్లో పెట్టి మర్చిపోయాను. డైరెక్టరుగారు ఆవరణ శుభ్రతను మెచ్చుకుని, పుడమితల్లి జడకుచ్చు గురించి కొత్త మాటలతో మాట్లాడి, మౌనం అన్నారు. అందరం తలలు దించాం. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు.

శిలకు ఆనించి పొరక ఉంది. కొత్తది. కుచ్చులు ఇంకా పూర్తిగా ఊడలేదు, గాలికి కదులుతున్నాయి. పక్కన మైథిలి చెయ్యి సంచిలోకి పోయింది. భూతద్దం పిడి కనబడింది కూడా. ఆ పిల్ల పొరకను చూసింది, కళ్ళు మూసుకున్న డైరెక్టరుగారిని చూసింది, వరండాలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బిగుసుకుపోయిన ఖాసింబీని చూసింది, నన్ను చూసింది. చెయ్యి మెల్లగా బయటికి తీసి, తల ఇంకాస్త కిందికి దించుకుంది.

ఉప్మా దగ్గర డైరెక్టరుగారు సరదా పడ్డారు. "ఏమమ్మా, ఈ పర్యాయము మీ భూతద్దమునకు ఏమియు చిక్కలేదా?"

"లేదు సార్," అంది మైథిలి. "అది పోయింది కదా."

ఆయన నిట్టూర్చి ఇంకొంచెం చట్నీ వేయించుకున్నారు. ఖాసింబీ వచ్చి రాలిన బంతిపూల రేకులు ఊడ్చింది. ఊడ్చి, దుమ్ము పోవడానికి పొరకను స్మారక శిలకేసి రెండు దెబ్బలు కొట్టింది. శిల మొదట్లో, తడి మన్ను మీద, నూగులాంటి గింజలు రాలాయి. అక్కడ నాలుగు రోజులు ఊడవొద్దని ఆమెకు చెబుదామనుకున్నాను. మళ్ళీ అదొక మెమో అవుతుందని ఊరుకున్నాను.